జన్యువును ఆపడానికి, లేపడానికి ఏ పరికరం: జింక్ ఫింగరా, టేలా, డీకాస్9నా?

ఒక జన్యువును కోయకుండా దాని పనిని తగ్గించాలి, లేదా పెంచాలి. అందుకు రెండు ముక్కలు కావాలి. డీఎన్‌ఏ మీద సరిగ్గా ఆ చోటికే వెళ్ళి కూర్చునే ముక్క ఒకటి, అక్కడ కూర్చున్నాక ‘ఆగు’ అనో ‘నడువు’ అనో చెప్పే ముక్క ఇంకొకటి. రెండోది ఏ పద్ధతిలోనైనా ఇంచుమించు ఒకటే. ఎంచుకోవాల్సింది మొదటి ముక్కను. ఇవాళ అందుకు మూడు దారులున్నాయి: జింక్ ఫింగర్ ప్రోటీన్లు, టేల్ ప్రోటీన్లు, క్రిస్పర్ పద్ధతిలో డీఎన్‌ఏను కోసే కాస్9 ప్రోటీన్‌కు కోత శక్తి తీసేసిన రూపం, అంటే డీకాస్9.

తొందరలో ఉన్నవారికి జవాబు ముందే చెప్తాం. ల్యాబ్‌లో ‘ఈ జన్యువు ఏం చేస్తుంది’ అన్న ప్రశ్న మీద పనిచేస్తుంటే డీకాస్9 తీసుకోండి, ఇంకేమీ ఆలోచించొద్దు. ఒంట్లోకి పంపే మందు తయారు చేయాలంటే, ముఖ్యంగా మెదడుకు పంపాలంటే, జింక్ ఫింగర్. టేల్ రెండు మూడు ప్రత్యేక సందర్భాల్లోనే పనికొస్తుంది, ఆ సందర్భాల్లో మాత్రం దానికి సాటి లేదు. మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ వారం రోజులు తగ్గితే చాలనుకునేవారికి ఈ మూడూ అక్కర్లేదు, మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏను ముక్కలు చేయించే చిన్న ఆర్‌ఎన్‌ఏ, అంటే ఎస్ఐఆర్‌ఎన్‌ఏ, సరిపోతుంది.

వేలు ఎలా చదువుతుంది

1985లో కేంబ్రిడ్జ్ ఎంఆర్‌సీ మాలిక్యులర్ బయాలజీ ల్యాబొరేటరీలో ఆరన్ క్లూగ్ బృందం, జెనోపస్ కప్ప గుడ్డు కణాల్లోని టీఎఫ్3ఏ అనే ప్రోటీన్‌లో ఒకే నమూనా తొమ్మిది సార్లు వరసగా రావడం పట్టుకుంది. ఒక్కో నమూనా, అంటే ఒక్కో ‘వేలు’ (ఫింగర్), సుమారు 30 అమైనో ఆమ్లాల తునక. అందులో రెండు సిస్టీన్లు, రెండు హిస్టిడిన్లు కలిసి ఒక జింక్ అయాన్‌ను నాలుగు వైపులా పట్టుకుంటాయి. డీఎన్‌ఏను తాకేది జింక్ కాదు. ఇంత చిన్న తునక మడత విడిపోకుండా నిలవాలంటే లోపల ఒక మేకు కావాలి, ఆ మేకే జింక్. ఈ మాట గుర్తుంచుకోండి, ల్యాబ్‌లో జరిగే సగం తప్పులు దీన్ని మరచిపోవడం వల్లనే.

1991లో పావ్లెటిచ్, పాబో జిఫ్268 అనే మూడు వేళ్ళ ప్రోటీన్ డీఎన్‌ఏ మీద కూర్చున్న తీరును స్ఫటిక చిత్రంగా బయటపెట్టారు. ఒక్కో వేలిలోని చిన్న హెలిక్స్ డీఎన్‌ఏ పెద్ద గాడిలోకి దిగి మూడు అక్షరాలు (ఎ, టి, జి, సి బేసులు) చదువుతుంది. హెలిక్స్ మొదలును 1 అనుకుంటే −1, 3, 6 స్థానాల్లోని అమైనో ఆమ్లాలు ఒక్కో అక్షరాన్ని పట్టుకుంటాయి. ఆర్జినిన్ జి-ని ఇష్టపడుతుంది, 3వ స్థానంలోని ఆస్పరజిన్ ఎ-ని ఇష్టపడుతుంది. చిక్కంతా 2వ స్థానంతో వచ్చింది. అది ఎదుటి పోగు మీద, పక్క వేలి వాటాలోని అక్షరాన్ని తాకుతుంది. అంటే ఒక వేలు చదివేది కచ్చితంగా మూడక్షరాలు కాదు, మూడున్నర అనుకోవాలి. వేళ్ళు ఇటుకల్లా పేర్చుకుంటే చాలన్న ఆశ ఇక్కడే దెబ్బతింది.

ఇంకో సంగతి: వేళ్ళు డీఎన్‌ఏను వెనక నుంచి చదువుతాయి. ప్రోటీన్‌లో మొదటి వేలు లక్ష్యంలోని చివరి మూడక్షరాల మీద, అంటే 3′ కొస మీద కూర్చుంటుంది. జిఫ్268 లక్ష్యం జిసిజి-టిజిజి-జిసిజి. ఎటు నుంచి తీసినా చివరి ముక్క ఒకటే కావడంతో ఈ ఉదాహరణ చూసి నేర్చుకున్నవారు తమ డిజైన్‌లో వరస తిరగేయడం మామూలే. జన్యువు ఆర్డర్ పెట్టే ముందు ఇంకొకరి చేత ఒకసారి చూపించుకోండి.

ప్రకృతి ఈ నమూనాను ఎంత వాడుకుందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. మనిషిలో జన్యువులను నడిపే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు సుమారు 1,600 ఉంటే వాటిలో సగానికి దగ్గరగా ఈ రకానివే. క్రోమోజోమ్ మడతలను నిలబెట్టే సీటీసీఎఫ్‌కు 11 వేళ్ళు. సుమారు 350 ప్రోటీన్లకు వేళ్ళతో పాటు ‘క్రాబ్’ అనే ఆపుడు ముక్క కూడా ఉంటుంది, మన జీనోమ్‌లోని జంపింగ్ జన్యువుల నోరు నొక్కడం వాటి ముఖ్యమైన పని. అయితే పేరులో జింక్ ఫింగర్ అని ఉన్నంత మాత్రాన డీఎన్‌ఏ చదువుతుందని అనుకోవద్దు. రింగ్ రకం వేళ్ళు యుబిక్విటిన్ అనే గుర్తు ప్రోటీన్‌ను తగిలించే పనిలో ఉంటాయి, పీహెచ్‌డీ రకం డీఎన్‌ఏ చుట్టుకునే హిస్టోన్ ప్రోటీన్ల తోకలను చదువుతాయి. ఈ వ్యాసంలో జింక్ ఫింగర్ అంటే రెండు సిస్టీన్లు, రెండు హిస్టిడిన్ల రకమే.

ఎన్ని వేళ్ళు కావాలి

మూడు వేళ్ళంటే 9 అక్షరాలు. 9 అక్షరాల మాటలు 2,62,144 రకాలు. మనిషి జీనోమ్‌లో రెండు పోగులూ కలిపి దాదాపు 620 కోట్ల అక్షరాలు. భాగిస్తే, ఒక 9 అక్షరాల మాట యాదృచ్ఛికంగానే సుమారు 24,000 చోట్ల కనిపిస్తుంది. ఆరు వేళ్ళు పెడితే 18 అక్షరాలు, అప్పుడు అదే లెక్క 0.1 కన్నా తక్కువకు దిగుతుంది. అందుకని మనిషి కణాల్లో ఆరుకు తగ్గొద్దు.

ఆరు ఉంటే అంతా భద్రమేనా అంటే, అదీ కాదు. ఆరు వేళ్ళ ప్రోటీన్‌లో నాలుగు వేళ్ళు బాగా అతుక్కుంటే చాలు, మిగతా రెండూ సరిపోకపోయినా అది డీఎన్‌ఏ మీద నిలబడగలదు. దీనికి రెండు మందులున్నాయి. ఒకటి, ఆరింటినీ ఒకే గొలుసుగా కాకుండా రెండేసి వేళ్ళ జతలు మూడుగా కట్టడం. జత లోపల మామూలు ఐదు అమైనో ఆమ్లాల లింకర్, జతకూ జతకూ మధ్య కొంచెం పొడవాటి లింకర్. ఒక జత తప్పు చోట కూర్చుంటే దాని నష్టం మొత్తం మీద గట్టిగా పడుతుంది కాబట్టి తప్పులు తగ్గుతాయి. మూడేసి వేళ్ళ గుంపులు రెండు కన్నా రెండేసి వేళ్ళ జతలు మూడు మేలని 2001లోనే తేలింది. రెండోది, హెలిక్స్‌కు ముందున్న −5 స్థానంలో డీఎన్‌ఏ వెన్నెముక ఫాస్ఫేట్‌ను గుడ్డిగా పట్టుకునే ఆర్జినిన్‌ను గ్లుటమిన్‌గా మార్చడం. ఆ పట్టు అక్షరాలు చూడదు, ఎక్కడైనా అంటుకుంటుంది. ఒకటి నుంచి మూడు వేళ్ళలో దాన్ని తీసేస్తే అసలు లక్ష్యం మీద పట్టు పెద్దగా తగ్గకుండా పక్కదారులు తగ్గుతాయి. అన్ని వేళ్ళలోనూ తీసేస్తే అసలు పట్టే పోతుంది, కాబట్టి ఒక్కొక్కటిగా తీసి చూడాలి.

జింక్ ఫింగర్ కట్టడం ఎందుకు కష్టమన్న పేరొచ్చింది

పాత పద్ధతిలో ఒక్కో మూడక్షరాలకు ఒక్కో వేలి జాబితా పెట్టుకుని మూడు వేళ్ళు అతికించేవారు. 2008లో అలా కట్టిన వాటిని వందకు పైగా పరీక్షిస్తే సుమారు 76 శాతం పనిచేయలేదు. లక్ష్యంలోని మూడు ముక్కలూ జి-తో మొదలైతే ఫలితం కొంత నయం, ఒక్కటీ జి-తో మొదలవకపోతే ఘోరం. కారణం పైన చెప్పిన 2వ స్థానమే, పక్కింటి అక్షరం మీద చేయి వేస్తుంది. పనిచేసే మంచి వేళ్ళ జతల పెద్ద భాండాగారం చాలా ఏళ్ళు ఒక కంపెనీ తలుపుల వెనకే ఉండిపోయింది. యూనివర్సిటీ ల్యాబులు విసుగెత్తి ముందు టేల్ వైపు, తర్వాత క్రిస్పర్ వైపు వెళ్ళిపోవడానికి అదే కారణం, జింక్ ఫింగర్ అసలు లోపం అది కాదు.

ఇప్పుడు పరిస్థితి మారింది. 2023లో న్యూయార్క్, టొరంటో బృందాలు జెడ్‌ఎఫ్‌డిజైన్ అనే డీప్ లెర్నింగ్ నమూనాను ప్రచురించాయి. పక్క వేళ్ళ ప్రభావాన్ని లెక్కలోకి తీసుకుని ఏ లక్ష్యానికైనా వేళ్ళను ప్రతిపాదించడం దాని పని. మొదటిసారి చేసేవారికి ఈ వరస సూచిస్తాం:

1. మీ కణ రకంలో అటాక్-సీక్ లేదా డీనేజ్-సీక్ (డీఎన్‌ఏ ఎక్కడ తెరిచి ఉందో చూపే పరీక్షలు) సమాచారం చూసి, ప్రమోటర్‌లో, అంటే జన్యువును చదవడం మొదలయ్యే భాగంలో, తెరిచి ఉన్న 300 నుంచి 500 అక్షరాల భాగాన్ని గుర్తించండి. మూసుకున్న చోట ఏ పరికరమైనా తడబడుతుంది.

2. ఆ భాగంలో 18 అక్షరాల లక్ష్యాలు ఆరు నుంచి పది ఎంచుకోండి. జీనోమ్‌లో ఒకటి రెండు అక్షరాల తేడాతో ఇంకెక్కడా లేనివి తీసుకోండి. జి-లు ఎక్కువున్నవి ముందు పెట్టండి.

3. ఒక్కో లక్ష్యానికి రెండు మూడు ప్రోటీన్ వరసలు రూపొందించి, సింథటిక్ జన్యువులుగా ఆర్డర్ పెట్టండి. ఆరు వేళ్ళంటే సుమారు 500 నుంచి 550 అక్షరాల ముక్క, ఒకే సంశ్లేషణ ముక్కగా వస్తుంది. ఒకే కోడాన్ (ఒక అమైనో ఆమ్లాన్ని సూచించే మూడక్షరాలు) మళ్ళీ మళ్ళీ రాకుండా కోడాన్లు మార్చమని చెప్పండి, లేకపోతే వేళ్ళ మధ్య లింకర్ వరసలు ఒకేలా ఉండి పీసీఆర్‌లో నిచ్చెన మెట్లలా బ్యాండ్లు వస్తాయి.

4. అన్నింటినీ ఒకే ఆపుడు ముక్కతో కలిపి కణాల్లోకి పంపి, 48 నుంచి 72 గంటల్లో, ఆర్‌ఎన్‌ఏ ఎంత ఉందో కొలిచే క్యూపీసీఆర్‌తో వడపోయండి. పదిహేను ఇరవై పంపితే రెండు మూడు నిలబడితే మంచి ఫలితం అనుకోండి. ఒక్కటే డిజైన్ కట్టి అది పనిచేయలేదని జింక్ ఫింగర్ దండగ అనేవారే ఎక్కువ.

టేల్: సులభమైన లిపి, బరువైన పుస్తకం

టేల్ ప్రోటీన్ల పుట్టిల్లు క్సాంథోమోనాస్ బ్యాక్టీరియా. మన వరి పొలాల్లో ఎండాకు తెగులు తెచ్చే బ్యాక్టీరియా ఇదే జాతి. అది వరి కణంలోకి టేల్‌లను ఎక్కించి, వరి సొంత జన్యువులనే తనకు కావలసినట్టు లేపుతుంది. చక్కెరను కణం బయటికి పంపే స్వీట్ జన్యువులు లేస్తే బ్యాక్టీరియాకు విందు. సాంబ మసూరి, అంటే బీపీటీ 5204లోకి హైదరాబాద్‌లోని సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి ఎక్కించిన మూడు నిరోధక జన్యువుల్లో ఎక్స్ఏ13 ఒకటి. అందులో ఉన్నది స్వీట్ జన్యువు ప్రమోటర్‌లో చిన్న మార్పు మాత్రమే, ఆ మార్పుతో టేల్‌కు కూర్చునే చోటు పోయింది. ఒక జన్యువు నియంత్రణ అంటే డీఎన్‌ఏ మీద ఒక ప్రోటీన్ కూర్చోవడమో కూర్చోలేకపోవడమో అనడానికి ఇంతకన్నా తెలుగు రైతుకు దగ్గర ఉదాహరణ దొరకదు.

2009లో టేల్ లిపి విడిపోయింది. 34 అమైనో ఆమ్లాల తునక ఒక్కటి ఒక్క అక్షరం చదువుతుంది, అందులో 12, 13 స్థానాలే అక్షరాన్ని నిర్ణయిస్తాయి. ఎన్ఐ అయితే ఎ, హెచ్‌డీ అయితే సి, ఎన్‌జీ అయితే టి, ఎన్ఎన్ అయితే జి, కాకపోతే ఎన్ఎన్ ఎ-ని కూడా ఒప్పుకుంటుంది. జి మాత్రమే కావాలంటే ఎన్‌హెచ్ వాడతారు, పట్టు కొంచెం తగ్గుతుంది. లక్ష్యానికి ముందు ఒక టి ఉండాలి. ఇంతే నియమాలు. ఇటుక ఇటుకకు సంబంధం తక్కువ కాబట్టి కట్టింది చాలావరకు మొదటిసారే పనిచేస్తుంది.

కష్టం బరువుతో వస్తుంది. 18 తునకల టేల్ చివరి ముక్కలతో కలిపి 2,400 అక్షరాలు దాటుతుంది. పైగా ఇంచుమించు ఒకే తునక పద్దెనిమిది సార్లు. పీసీఆర్ నిచ్చెన కడుతుంది, సీక్వెన్సింగ్ మధ్యలోకి వెళ్ళేసరికి ఎక్కడున్నామో తెలియదు, జన్యువును కణంలోకి మోసే లెంటీవైరస్‌లో పెడితే రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ ఒక తునక నుంచి ఇంకో తునకకు దూకి మధ్యవి ఎగరగొడుతుంది. డీఎన్‌ఏ ముక్కలు అతికించే గోల్డెన్ గేట్ పద్ధతిలో రెండు దఫాలుగా కట్టి, ప్లాస్మిడ్‌ను రీకాంబినేషన్ తక్కువ ఉన్న ఈ.కోలై రకంలో 30 డిగ్రీల దగ్గర పెంచితే నష్టం తగ్గుతుంది. లెంటీవైరస్ తప్పదనుకుంటే కోడాన్లు మార్చిన తునకలు వాడాలి. ఇంకో గోతి: లక్ష్యంలో సిజి జతలు ఉండి ఆ సి-కి మిథైల్ తగిలి ఉంటే హెచ్‌డీ దాన్ని పట్టుకోలేదు. మీ ప్రమోటర్ మిథైలేషన్ తెలియకుండా టేల్ కట్టొద్దు.

మరి ఎప్పుడు వాడాలి? మైటోకాండ్రియా డీఎన్‌ఏ అయితే. కాస్9కు చోటు చూపే గైడ్ ఆర్‌ఎన్‌ఏను మైటోకాండ్రియాలోకి నమ్మకంగా పంపే మార్గం లేదు, ప్రోటీన్‌కు మాత్రం చిరునామా ముక్క తగిలిస్తే లోపలికి వెళ్తుంది. 2020లో వచ్చిన మైటోకాండ్రియా బేస్ ఎడిటర్ టేల్ మీదే కట్టారు. అది నియంత్రణ కాదు, అక్షరం మార్చడం, అయినా కారణం అదే. లక్ష్యంలో టి-లు, ఎ-లు ఎక్కువుండి జింక్ ఫింగర్ నిలబడని చోట కూడా టేల్ గుర్తుకు రావాలి.

డీకాస్9: ఎందుకు గెలిచింది, ఎక్కడ ఇరుక్కుంటుంది

స్ట్రెప్టోకాకస్ పయోజీన్స్ కాస్9లో 10వ స్థానంలోని ఆస్పార్టేట్‌ను, 840వ స్థానంలోని హిస్టిడిన్‌ను అలనిన్‌గా మారిస్తే కోయడం పోతుంది, కూర్చోవడం మిగులుతుంది. 2013లో దీన్ని జన్యువులు ఆపడానికి వాడటం మొదలైంది. కొత్త లక్ష్యం కావాలంటే కొత్త ప్రోటీన్ అక్కర్లేదు, 20 అక్షరాల గైడ్ మారిస్తే చాలు. రెండు చిన్న ఆలిగోలు ఆర్డర్ పెట్టి, బీఎస్ఎంబీ1తో కోసిన వెక్టర్‌లో అతికిస్తే మూడు నాలుగు రోజుల్లో సీక్వెన్స్ చేసిన ప్లాస్మిడ్ చేతిలో ఉంటుంది. వేల జన్యువులను ఒకేసారి ఆపి చూసే స్క్రీన్ మిగతా రెండు పద్ధతుల్లో ఊహకే అందదు.

వాడేవారు గుర్తుంచుకోవాల్సిన కొలతలు కొన్నే. ఆపడానికి గైడ్‌ను ట్రాన్స్‌క్రిప్షన్ మొదలయ్యే చోటికి 50 అక్షరాల ముందు నుంచి 300 అక్షరాల తర్వాత దాకా పెట్టాలి, మొదలు దాటి మొదటి వంద అక్షరాలు శ్రేష్ఠం. లేపడానికి ముందువైపు 400 నుంచి 50 అక్షరాల మధ్య. లక్ష్యం పక్కన ఎన్‌జీజీ (ఏదో ఒక అక్షరం, తర్వాత రెండు జి-లు) ఉండాలి. గైడ్‌లో నాలుగు టి-లు వరసగా రాకూడదు, వస్తే యూ6 ప్రమోటర్ నుంచి తయారయ్యే గైడ్ అక్కడే ఆగిపోతుంది. జన్యువుకు మూడు నాలుగు గైడ్లు చేసి చూడండి.

విఫలమైన ప్రయత్నాల్లో ఎక్కువ భాగానికి కారణం ఒకటే: మొదలయ్యే చోటు తప్పు. డేటాబేస్‌లో మొదట కనిపించే ట్రాన్స్‌క్రిప్ట్ మీ కణంలో వాడే ట్రాన్స్‌క్రిప్ట్ కాకపోవచ్చు. ఆర్‌ఎన్‌ఏ ఎక్కడ మొదలవుతుందో చూపే కేజ్ సమాచారంతో మీ కణ రకంలో ఏ ప్రమోటర్ నడుస్తోందో సరిచూసుకోకుండా గైడ్ ఆర్డర్ పెట్టడం డబ్బు పారేసుకోవడమే. ఇంకో కారణం, రెండు జన్యువులు ఒకే ప్రమోటర్‌ను చెరో వైపు వాడుకోవడం. ఒకదాన్ని ఆపితే రెండోదీ ఆగుతుంది. అది జింక్ ఫింగర్‌తో చేసినా అంతే, పరికరం తప్పు కాదు.

డీకాస్9 అసలు ఇబ్బంది దాని సైజు. ప్రోటీన్ 1,368 అమైనో ఆమ్లాలు, జన్యువు సుమారు 4.1 కిలోబేసులు (వెయ్యి అక్షరాలు ఒక కిలోబేసు). జీన్ థెరపీకి వాడే ఏఏవీ వైరస్ మోయగలిగేది మొత్తం సుమారు 4.7 కిలోబేసులు. ప్రమోటర్, ఆపుడు ముక్క, గైడ్, అన్నీ కలిపితే బస్తా నోరు మూసుకోదు. స్టెఫిలోకాకస్ ఆరియస్ కాస్9 చిన్నది, 3.2 కిలోబేసులు, క్రాబ్‌తో ఒకే వైరస్‌లో పడుతుంది. కానీ డీఎన్‌ఏ మిథైలేషన్ తెచ్చే ముక్కలు కూడా కలపాలంటే మరో ఒకటిన్నర కిలోబేసులు కావాలి, మళ్ళీ ఇరుకు. ఆరు వేళ్ళ జింక్ ఫింగర్ క్రాబ్‌తో కలిపి కూడా ఒక కిలోబేసు లోపే. ఒకే వైరస్‌లో రెండు వేర్వేరు జింక్ ఫింగర్లు పెట్టినా చోటు మిగులుతుంది.

రెండో ఇబ్బంది ఒంటి రక్షణ వ్యవస్థ. కాస్9 తెచ్చుకున్న రెండు బ్యాక్టీరియాలూ మనుషుల గొంతులో, చర్మం మీద తిరిగేవే. 2019లో ప్రచురించిన పరిశీలనలో దాతల్లో 78 శాతం మందిలో స్టెఫిలోకాకస్ కాస్9కు, 58 శాతం మందిలో స్ట్రెప్టోకాకస్ కాస్9కు యాంటీబాడీలు కనిపించాయి. ల్యాబ్ కణాలకు ఇది పట్టదు. ఏళ్ళ తరబడి ఒంట్లో ఆ ప్రోటీన్ తయారవుతూ ఉండాల్సిన చికిత్సకు మాత్రం పడుతుంది. జింక్ ఫింగర్ చట్రం మనిషి ప్రోటీన్లదే, మారేది వేలికి కొన్ని అమైనో ఆమ్లాలు మాత్రమే.

ఆపుడు ముక్క ఎంపిక

చిత్రం ఏమిటంటే, డీకాస్9తో జన్యువును ఆపేవారు కూడా జింక్ ఫింగర్ కుటుంబం దగ్గరే అప్పు చేస్తున్నారు. అందరూ వాడే క్రాబ్ ముక్క జెడ్‌ఎన్‌ఎఫ్10 అనే జింక్ ఫింగర్ ప్రోటీన్‌ది. అది క్యాప్1ను పిలుస్తుంది, క్యాప్1 సెట్‌డీబీ1ను పిలుస్తుంది, అది హెచ్3 హిస్టోన్ 9వ లైసిన్‌కు మూడు మిథైళ్ళు తగిలిస్తుంది, ఆ చోటు మూసుకుంటుంది. 2020 నుంచి జిమ్3 ప్రోటీన్ క్రాబ్ ఇంకా గట్టిదని తెలిసింది. కొత్తగా మొదలుపెట్టేవారు అదే తీసుకోండి.

క్రాబ్ ఒక్కటే పెడితే పరికరం ఉన్నంతసేపే ఫలితం. పరికరం వెళ్ళిపోయాక కూడా జన్యువు మూసే ఉండాలంటే డీఎన్‌ఏకు మిథైల్ తగిలించే డీఎన్ఎంటీ3ఏ, దాని తోడు 3ఎల్ కలపాలి. 2021లో వచ్చిన క్రిస్పర్‌ఆఫ్ ఇలాంటిదే. ప్రమోటర్‌లో సిజి జతలు చాలా తక్కువున్న జన్యువుల మీద జ్ఞాపకం నిలుస్తుందని ముందే లెక్కేసుకోవద్దు, కొన్ని వారాలు చూడాలి.

లేపడానికి వీపీ64 అనే లేపుడు ముక్క ఒక్కటే పెడితే ఒక్క గైడ్‌తో ఫలితం నీరసంగా ఉంటుంది. ఇంకా గట్టివైన వీపీఆర్ లేదా సామ్ వాడండి, లేదా ఒకే ప్రమోటర్ మీద మూడు నాలుగు కూర్చోబెట్టండి, అవి ఒకదానికొకటి బలమిస్తాయి.

మొక్కల మీద పనిచేసేవారు క్రాబ్ జోలికి పోవద్దు, మొక్క కణాల్లో దాన్ని వినేవారు లేరు. 12 అమైనో ఆమ్లాల ఎస్ఆర్‌డీఎక్స్ ముక్క వాడాలి. ఈస్ట్‌లో ఎంఎక్స్ఐ1. బ్యాక్టీరియాలో ఏ ముక్కా అక్కర్లేదు, డీకాస్9 దారికి అడ్డంగా కూర్చుంటే ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ ఆగిపోతుంది.

బల్ల మీద జింక్ ఫింగర్‌ను చంపే అలవాట్లు

కణంలో పనిచేయని డిజైన్ అసలు డీఎన్‌ఏను పట్టుకుంటోందా లేదా తేల్చుకోవాలంటే ప్రోటీన్ శుద్ధి చేసి జెల్ షిఫ్ట్ (ప్రోటీన్ అతుక్కున్న డీఎన్‌ఏ జెల్‌లో నెమ్మదిగా కదలడం చూసే పరీక్ష) చేయాలి. ఇక్కడే పొరపాట్లు ఎక్కువ.

ఈడీటీఏ జింక్‌ను లాగేస్తుంది. ప్రోటియేజ్ ఇన్హిబిటర్ మాత్రల్లో ఈడీటీఏ ఉందో లేదో సీసా మీద చదవండి. జెల్ నడపడానికి టీబీఈ బదులు ఈడీటీఏ లేని టీబీ వాడండి. డీటీటీ కూడా జింక్‌ను పట్టుకుంటుంది, బదులుగా 0.5 నుంచి 1 మిల్లీమోలార్ టీసీఈపీ మేలు. ఫాస్ఫేట్ బఫర్‌లో జింక్ తెల్లని పొడిలా దిగిపోతుంది, ట్రిస్ లేదా హెపీస్ వాడాలి. పీహెచ్ 8 దాటితే జింక్ హైడ్రాక్సైడ్‌గా గడ్డకడుతుంది. బాక్టీరియాలో ప్రోటీన్ తయారు చేసేటప్పుడు ఇండక్షన్ సమయంలో 100 మైక్రోమోలార్ జింక్ క్లోరైడ్ కలిపి, 18 నుంచి 20 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచండి. నికెల్ కాలమ్ తప్పకపోతే బయటికి వచ్చిన ప్రోటీన్‌కు వెంటనే జింక్ అందించండి, కుదిరితే మాల్టోజ్ బైండింగ్ ప్రోటీన్ ట్యాగ్ వాడండి.

వేళ్ళు బాక్టీరియా డీఎన్‌ఏను కూడా వదలకుండా పట్టుకుని వస్తాయి. 260, 280 నానోమీటర్ల రీడింగుల నిష్పత్తి 0.6 దగ్గర ఉంటే శుభ్రం, 1 దాటితే డీఎన్‌ఏ వచ్చినట్టే. కణాలు పగలగొట్టే బఫర్‌లో ఉప్పు 500 మిల్లీమోలార్ నుంచి 1 మోలార్ దాకా పెంచితే వదులుతుంది. జెల్ షిఫ్ట్‌లో లేబుల్ చేసిన డీఎన్‌ఏ 10 నుంచి 50 పికోమోలార్ దాటొద్దు. మంచి వేళ్ళ పట్టు నానోమోలార్ లేదా అంతకన్నా కింద ఉంటుంది కాబట్టి, డీఎన్‌ఏ ఎక్కువ పోస్తే మీరు కొలిచేది పట్టు కాదు, ప్రోటీన్ మొత్తం.

పనిచేసిందని నమ్మేముందు

జన్యువు తగ్గితే సంబరపడొద్దు. ఆపుడు ముక్క లేని జింక్ ఫింగర్ ఒక్కటే పెట్టి చూడండి. అదీ తగ్గిస్తే మీ ప్రోటీన్ ప్రకృతి ఫ్యాక్టర్ కూర్చునే చోటును ఆక్రమించిందని అర్థం. అది చెడ్డదేం కాదు, కానీ తెలియాలి. ఆపుడు ముక్క ఉండి లక్ష్యం లేని ప్రోటీన్ ఇంకో పోలిక. అన్నిటికన్నా ముఖ్యం, అదే జన్యువు మీద వేరే చోట కూర్చునే రెండో ప్రోటీన్. రెండూ ఒకే మార్పు తెస్తే అది జన్యువు వల్ల, ఒక్కటే తెస్తే పక్కదారి వల్ల. కణంలోని అన్ని జన్యువుల ఆర్‌ఎన్‌ఏనూ కొలిచే ఆర్‌ఎన్‌ఏ-సీక్ ఒక్కసారైనా చేయండి, మోతాదు తగ్గించి మళ్ళీ చేయండి. పక్కదారి మార్పులు చాలావరకు మోతాదుతో పాటే తగ్గుతాయి. బలమైన ప్రమోటర్ మీద గంపెడు ప్రోటీన్ పోసి ఆఫ్-టార్గెట్ ఉందని వాపోవడం జింక్ ఫింగర్ విషయంలో పరిపాటి అయింది.

నిజమైన పనుల్లో

హంటింగ్టన్ జబ్బులో జన్యువు ఒక ప్రతిలో సిఎజి పునరావృతాలు సాధారణంగా 40 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటాయి, రెండో ప్రతి మామూలుగా ఉంటుంది. చెడ్డదాన్ని ఆపి మంచిదాన్ని వదలాలి. రెండింటిలో ఉన్న మాట ఒకటే, తేడా పొడవులో. సిఎజి మాటనే చదివే జింక్ ఫింగర్ పొడవైన దాని మీద ఎక్కువ చోట్ల కూర్చుంటుంది. పట్టు బలాన్ని సరిగ్గా సవరిస్తే పొడవైనది ఆగుతుంది, పొట్టిది నడుస్తుంది. 2019లో ప్రచురించిన పనిలో జబ్బు కచ్చితంగా తెచ్చే ప్రతుల్లో 99 శాతానికి పైగా ఇలా ఎంచి ఆపగలిగారు, మామూలు ప్రతుల్లో 86 శాతానికి పైగా పని చెడలేదు. మెదడు కణాలు విభజన చెందవు, ఒకసారి ఏఏవీతో పంపితే చాలు. ఇలా పట్టును మెట్టు మెట్టుగా సవరించడం జింక్ ఫింగర్‌కు ఉన్న అసలు బలం. 2024లో ప్రియాన్ జన్యువును ఎలుకల మెదడంతటా 80 శాతానికి పైగా తగ్గించిన చార్మ్ అనే పరికరం కూడా జింక్ ఫింగర్‌నే ఎంచుకుంది, ఏఏవీలో ఇమడాలి కాబట్టి. ఇక్కడ డీకాస్9ను మేం సూచించం.

కొలెస్టరాల్ జన్యువు పీసీఎస్‌కే9 సంగతి వేరు. కాలేయానికి మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏను లిపిడ్ నానోపార్టికల్‌లో పంపొచ్చు, సైజు అంత పట్టదు. 2024లో మిలన్ బృందం ఎలుకల్లో ఒకే మోతాదుతో రక్తంలోని పీసీఎస్‌కే9ను దాదాపు ఏడాది పాటు సగానికి తగ్గించింది. అందుకు వాడిందీ జింక్ ఫింగరే, కానీ ఇక్కడ డీకాస్9 కూడా పోటీలో ఉంటుంది. మీ చేతిలో ఏది బాగా పనిచేస్తుందో కొలిచి తీసుకోండి.

మూడో రకం ఉదాహరణ సికిల్ సెల్, ఆంధ్ర, తెలంగాణ ఏజెన్సీ గిరిజనుల్లోనూ ఉన్న రక్త జబ్బు. పిండ దశలో హిమోగ్లోబిన్‌ను కట్టే గామా గ్లోబిన్‌ను మళ్ళీ లేపితే బాధ తగ్గుతుంది. దాన్ని పెద్దయ్యాక ఆపుతున్నది బీసీఎల్11ఏ అనే జింక్ ఫింగర్ ప్రోటీన్, గామా ప్రమోటర్‌లో −115 దగ్గరున్న టిజిఎసిసిఎ మాట మీద కూర్చుని. కృత్రిమ జింక్ ఫింగర్‌తో ఆ చుట్టుపక్కల కూర్చుని గామాను లేపొచ్చని ల్యాబ్‌లో ఇరవై ఏళ్ళ కిందటే చూపారు. అయినా చికిత్సగా వచ్చింది అది కాదు. రక్త మూలకణాలు జీవితాంతం విభజన చెందుతూనే ఉంటాయి. లేపుడు ముక్క కణంలో శాశ్వతంగా ఉండాలంటే దాని జన్యువును క్రోమోజోమ్‌లో దూర్చాలి. అంతకన్నా కణాలను ఒంటి బయటికి తీసి, ఎలక్ట్రోపొరేషన్‌తో (విద్యుత్ తాకిడితో కణం పొర తెరిచి) కాస్9ను కొన్ని గంటలు లోపలికి పంపి, బీసీఎల్11ఏ పనిని పెంచే డీఎన్‌ఏ భాగంలో (ఎన్‌హాన్సర్‌లో) గాటా1 అనే ప్రోటీన్ కూర్చునే చోటును కోసేయడం తేలిక. 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా అనుమతించిన కాస్జెవీ చేసేది ఇదే. కణాలు ఒంటి బయట ఉన్నాయి కాబట్టి సైజూ, యాంటీబాడీలూ అడ్డం కాలేదు. గామా ప్రమోటర్లనే నేరుగా కోయొచ్చు కదా అంటారేమో, అవి రెండు, ఇంచుమించు ఒకేలా ఉంటాయి. రెండు చోట్లా కోత పడితే మధ్యనున్న 4.9 కిలోబేసులు ఎగిరిపోతాయి. గాటా1 కూడా, వేరే మడత అయినా, జింక్ ఫింగర్ ప్రోటీనే.